మడుగుకి చేసిన సీమంతం

మొన్న ఆదివారం మా మనవరాలికి సీమంతం చేశారు. ఇంట్లో కాదు. మేముండే నేపర్‌విల్ నుంచి కార్లో చాలా దూరం తీసుకెళ్ళి, ఓ చెరువు పక్కన పార్కులో, గోడల్లేని షెడ్డు కింద చేశారు. బేబీ షవర్ అని దానికి పేరు. షవరంటే స్నానం కదా అన్నాను. "ఇది వేరే షవర్ అమ్మా, నీకు తెలీదు, ఊరుకో" అంది నా కూతురు. నాకు తెలుసు. కడుపుతో ఉన్న ఆడదాని గురించి మాట్లాడాలంటే ఏ భాషలోనైనా నీళ్ళు పోయకుండా వీళ్ళకి మాట రాదు.

నిలవ నీళ్ళ పక్కకి నన్ను తీసుకురావద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉన్నాను. ముసలమ్మకి నీళ్ళంటే భయం అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. భయం కాదు, కోపం. రెండూ ఒకటి కాదు.

కారు దిగగానే ఓ బోర్డు కనిపించింది. నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఈ మనవరాలు చిన్నప్పుడు చర్చి కింద గదిలో ఆదివారం పూట తెలుగు క్లాసుకి వెళ్తుంటే తోడు వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని, అది దిద్దినవన్నీ నేనూ దిద్దాను. అది మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. ఇంగ్లీషు మాత్రం ఇప్పటికీ ఒక్కో అక్షరం పట్టుకుని లాగాలి. లేక్ అని లాగాను. కెనాల్ అని లాగాను. అక్కడ ఆగిపోయాను.

మనవరాలి మొగుడు వరంగల్ వైపు పిల్లాడు. సాఫ్ట్‌వేర్. వాడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నవ్ అమ్మమ్మా? గిది మొదట్ల చిన్న కుంటనంట. కెనాల్ల పడవలు నడవాలంటే నీళ్ళు గావాలె గదా, గందుకని కట్ట లేపి పెద్దగ జేసిండ్రంట. ఇప్పుడు పడవల్లేవ్, కెనాల్ గూడ బంద్. ఇంటరెస్టింగ్ ఉంది గదా?"

"అప్పుడు అంచున ఎవరుండేవాళ్ళో రాశారా?" అన్నాను.

వాడు మళ్ళీ బోర్డంతా చూశాడు. "లేదమ్మమ్మా. గది రాయలే."

"రాయరు" అన్నాను.

లోపల షెడ్డు కింద బెలూన్లు కట్టారు. మా కూతురి స్నేహితురాలు ఒకామె, ఇక్కడి పిల్లలందరికీ ఆంటీ, పెద్ద అల్యూమినియం ట్రే తెచ్చి దాని మీది రేకు తీసింది. చలిమిడి. తడిపిండి, బెల్లప్పాకం, నెయ్యి, యాలకులు, పచ్చికొబ్బరి ముక్కలు. అదే సమయానికి చెరువు మీంచి గాలి తిరిగింది. చలిమిడి వాసనా, నిలవ నీళ్ళ వాసనా కలిసి ముక్కుకి తగలడం నా జన్మలో అది రెండోసారి.

మొదటిసారి నాకు పాల పళ్ళు ఊడే వయసు.

మా ఊరు నాలుగు వైపులా కొండలున్న పల్లంలో ఉండేది. ఆ పల్లం అడుగున మడుగు. ఎవరూ తవ్వింది కాదు, ఎవరూ కట్టింది కాదు. వానాకాలంలో కొండ నీళ్ళు దిగి నిండేది, ఎండాకాలంలో వెనక్కి తగ్గేది. ఆ తగ్గడమే మాకు బతుకు. నీళ్ళు జరిగిన చోట నల్లటి ఒండ్రు మిగిలేది. పచ్చిగా ఉన్నప్పుడు దానికి చేపల వాసన, ఎండుతున్నప్పుడు కాలిన కుండ వాసన. కాస్త గట్టిపడగానే మా నాయనమ్మ అందులో దోస గింజలు పెట్టేది. నీళ్ళు ఇంకాస్త వెనక్కి పోతే ఇంకో వరస పెట్టేది. అలా మడుగు వెంటే గింజలు చల్లుకుంటూ లోపలికి నడిచేది. నా చిన్నతనంలో ఆవిడ మడుగుని తరుముతోందనుకునేదాన్ని.

అంచున చివరి ఇల్లు మాది. మట్టి గోడలు, తాటాకు కప్పు. గడప మీద కూర్చుంటే ఎదురుగా దోసపాదులు, వాటి వెనక తామరాకులు, వాటి వెనక నీళ్ళు. పండు పండితే దానంతటదే పగిలేది. పగిలిన పొద్దున్న ఆ వాసన ఊళ్ళోకి ఎక్కేది. పిల్లలం బోర్లా పాకుతూ పాదుల్లోకి వెళ్ళి, పండు తెంపకుండానే పగులులో వేలు పెట్టి గుజ్జు నాక్కునేవాళ్ళం. నాయనమ్మ పట్టుకునేది. "ఏ ముండ పెట్టిందే ఏలు? ఇది అమ్ముకునే కాయా, నీ ఎంగిలి కాయా?" అని చెవి మెలేసి, ఆ కాయనే కోసి, బెల్లం పొడి చల్లి మా ముందు పెట్టేది. తిట్టేటప్పుడు ఒక చెయ్యి, పెట్టేటప్పుడు ఒక చెయ్యి.

సాయంత్రం మడుగులో పట్టిన పరిగె చేపలు మామిడికాయ వేసి దాకలో పులుసు పెట్టేది మా అమ్మ. తుంగగడ్డలు పొయ్యి బూడిదలో కాల్చుకునేవాళ్ళం. తామర కాయ గింజలు ఒలుచుకుంటూ పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఇవన్నీ చెబితే ఇక్కడి పిల్లలు "సో ఆర్గానిక్ అమ్మమ్మా" అంటారు. ఆర్గానిక్ కాదు. మాకు వేరే ఏమీ లేదు.

ఒక ఎండాకాలం టోపీ పెట్టుకుని, సైకిలు మీద ఓవర్సీరు వచ్చాడు. అతని వెనక గొలుసు మోసేవాళ్ళూ, జెండా కర్రలు పట్టుకున్నవాళ్ళూ. మా పాదుల మధ్యనుంచే గొలుసు లాగారు. తీగలు తెగాయి. ఎండకి వచ్చారు కదా అని నాయనమ్మే వాళ్ళకి పండు కోసి పెట్టింది. ఓవర్సీరు గింజలు ఉమ్ముతూ చెప్పాడు.

"కింద కాలవలో ఎండాకాలమొస్తే పడవలు ఇసకలో దిగబడిపోతున్నాయమ్మా. ఉప్పు పడవలు, సరుగుడు పడవలు, అన్నీ ఆగిపోతున్నాయి. మీ మడుక్కి అటు కొండల సందులో కట్ట పోసి, తూము పెడతాం. వానాకాలం నీళ్ళు ఇక్కడ ఆపి, ఎండాకాలం కాలవకి వదుల్తాం. అప్పుడు పడవలు ఆగవు."

"మరి నా పాదులో?" అంది నాయనమ్మ.

ఓవర్సీరు లేచి, మా ఇంటికి కిందుగా, పాదులకి పైగా సున్నం కొట్టిన రాయి ఒకటి పాతించాడు. "నీళ్ళు ఈ రాయి దాకానే వస్తాయి. దాటి రావు. ఎండాకాలం వదిలేస్తాం కాబట్టి నీ నేల నీకుంటుంది" అన్నాడు.

నాయనమ్మ ఆ రాయి చుట్టూ తిరిగి చూసింది. "ఏందయ్యా ఓవర్సీరూ, రాయికి సదువొచ్చా, నీళ్ళకి సదువొచ్చా? ఆగమని ఇదెట్టా సెప్తది, అదెట్టా ఇంటది?"

అందరూ నవ్వారు. ఓవర్సీరూ నవ్వాడు. నవ్వి, ఇంకో ముక్క పండు తీసుకున్నాడు. ఆ పండు తిన్న నోటితోనే అబద్ధం చెప్పాడని నాయనమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. పెట్టిన చేతికి తగిలిన దెబ్బ అది.

కట్ట లేచింది. ఊళ్ళో మగవాళ్ళూ ఆడవాళ్ళూ మట్టి మోశారు. మా నాన్న కూడా మోశాడు. కూలి దొరికిందని ఊరు ఊరంతా సంబరపడింది. నాయనమ్మ మాత్రం మా నాన్న తట్ట తీసుకుని వెళ్తుంటే, "పో, పోయి నీ ఇంటికి నువ్వే మూత కట్టుకో" అనేది.

వానలు పడ్డాయి. కొండ నీళ్ళన్నీ దిగాయి. వెళ్ళడానికి దారి లేదు. మడుగు లేచింది. తామరాకులు కాడలు తెంపుకుని పైకి తేలాయి. ఊళ్ళో పుట్టి పెరిగిన ముసలాళ్ళు కూడా అంత నీళ్ళు ఎప్పుడూ చూడలేదు. అదుగో అప్పుడన్నాడు మునసబు, కట్ట మీద నిలబడి, పంచె ఎగ్గట్టుకుని:

"ఒరే, మన మడుగు నీళ్ళోసుకుందిరా!"

ఆడది కడుపుతో ఉంటే నీళ్ళోసుకుంది అంటాం కదా మనం. ఆ మాట. ముందు నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. పొద్దున్నకి నవ్వు పోయి నిజమైపోయింది. గొడ్డుబోయిన మడుగు ఇన్నాళ్ళకి కడుపు పండించుకుంది, ఊరికి శుభం, మరి సీమంతం చెయ్యాలి కదా అన్నారు ఆడవాళ్ళు. ఇంటింటికీ తిరిగి చలిమిడికి బియ్యం పోగు చెయ్యడం మొదలుపెట్టారు. మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు ఇలాంటి పని. మీద పడబోయే దానికి గాజులు తొడగడం.

మా గడపలోకి మునసబే వచ్చాడు చేటతో. వరసకి నాయనమ్మకి అల్లుడవుతాడు.

"అత్తా, దోసెడు బియ్యం పొయ్యి. మడుక్కి సీమంతం."

"మడుగు నీళ్ళోసుకుందంట్రా?"

"అవును గదత్తా, కనపట్టంలా?"

"ఎవురికి?"

మునసబు చేట ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఎవురికి నీళ్ళోసుకుందో ముందు కనుక్కొని రాపోరా. ఆ టోపీ ఓవర్సీరుకా? బిడ్డ పుట్టినాక ఎవురింటికి ఎత్తకపోతారో అది కూడా అడుగు. కాలవకి గదా పొయ్యేది? కన్నది మనకాడ, పాలు ఎవురికో. దానికి నేను బియ్యం పొయ్యాలా?"

"శుభమా అని అందరూ చేస్తుంటే అవేం మాటలత్తా?"

"శుభం నా ఇంట్లో ఉంది సూడు" అని నాయనమ్మ లోపలికి చెయ్యి చూపించింది. మా అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నిండు కడుపు. "నిజంగా నీళ్ళోసుకున్న మనిషి ఇదిగో. ఆ కుండలో ఉన్నయ్యి దీనికి చలిమిడి చేద్దామని దాచిన బియ్యం. దీనికి పెట్టకుండా మడుక్కి పెట్టమంటావా?"

మునసబు చేట కింద పెట్టాడు. వాకిట్లోకి జనం చేరారు. అపశకునం మాటలు మాట్లాడుతోందని ఒకామె, రేపు ఊరికేదైనా కీడు జరిగితే ఈ ముసలిదే కారణమని ఇంకొకామె. మా నాన్న తల దించుకుని లోపలికి వెళ్ళాడు. కుండలో ఉన్న ఆ బియ్యమే తెచ్చి చేటలో పోశాడు. అంతా పోశాడు. నాయనమ్మ కుండ తిరగేసి, అడుగున చేత్తో ఒకసారి తట్టి, మూలన పెట్టింది.

సీమంతం చేశారు. కట్ట మీద ముగ్గు, పసుపు, డప్పు. ఒక కర్రకి గాజులు గుచ్చి నీళ్ళలో పాతారు. పెద్ద పళ్ళెంలో చలిమిడి, కొండంత. ఊళ్ళో ఏ ఆడదానికీ అంత చలిమిడి ఎవరూ పెట్టలేదు. ముత్తయిదువలు దాన్ని ముద్దలు చేసి నీళ్ళలోకి వదులుతుంటే మాకు, పిల్లలకి, నోట్లో నీళ్ళు ఊరాయి. నేను పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య దూరి, ముందుకి జరిగి, రెండు చేతులతో ఒక పెద్ద ముద్ద లాక్కుని పరిగెత్తాను. వెనక నుంచి ఎవరో "పట్టుకోండర్రా, మడుగు చలిమిడి ఎత్తకపోతంది" అని అరిచారు. చలిమిడి వేళ్ళకి అంటుకుని, పావడాకి అంటుకుని, జుట్టుకి కూడా అంటుకుంది. అయినా వదల్లేదు. తిన్నగా ఇంటికొచ్చి మా అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ భయపడింది. "దేవుడి దాంట్లోది ఎందుకు తెచ్చావే" అంది.

నాయనమ్మ గడపలో కూర్చుని అంతా చూస్తోంది. "తిను" అంది అమ్మతో. "అది నీదే."

అమ్మ తింది. నేను వేళ్ళు నాక్కున్నాను. గాలి మడుగు మీంచి వస్తోంది.

తర్వాత ముసురు పట్టింది. నీళ్ళు పాదుల నేల ఎప్పుడో మింగేశాయి. ఇప్పుడు సున్నం రాయి మెడ దాకా వచ్చాయి. ఒక పొద్దున లేచి చూస్తే రాయి లేదు. నాయనమ్మ ఊళ్ళోకి వినబడేలా అరిచింది. "ఒరే అల్లుడూ, రాయి మునిగిందిరా! సదువుకున్న రాయి మునిగింది!"

ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి నీళ్ళు వాకిట్లోకి వచ్చాయి. పొయ్యి ఆరిపోయింది. గోడలు అడుగునుంచి నాని బురదయ్యాయి. మా నాన్నా చిన్నాన్నలూ కలిసి అమ్మని మంచం మీద పెట్టి మోసుకెళ్ళారు. నాయనమ్మ మాత్రం గడప మీద నుంచి లేవనంది. నీళ్ళు మోకాళ్ళు దాటాక మునసబు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"లే అత్తా. గవర్నమెంటు ఏదో ఒకటి చేస్తది."

"నేనేం అడుగుతున్నాను రా? నా గడప నా కింద ఉంది. నీళ్ళనే పొమ్మను."

చివరికి ఎత్తుకునే తీసుకెళ్ళారు. మునసబు గొడ్లపాకలో మా కాపురం. పేడ వాసన, తడి గడ్డి వాసన. అందులోనే మా అమ్మకి కాన్పయింది. మగపిల్లాడు. నీళ్ళతో పాటు వచ్చాడు కాబట్టి మడుగయ్య అని పేరు పెట్టమన్నాడు మునసబు. నాయనమ్మ చెప్పు చేతిలోకి తీసుకుంది. ఆ పేరు అక్కడే ఆగిపోయింది.

ఎండాకాలం వచ్చింది. మేమంతా మడుగు తగ్గుతుందని చూశాం. తగ్గలేదు. తూము మూసే ఉంచారు. పాదులు పెట్టాల్సిన రోజులన్నీ నీళ్ళ కిందే పోయాయి. ఎండలు మండిపోతున్నప్పుడు, కింద పడవలకి కావలసినప్పుడు, తూము ఎత్తారు. నీళ్ళు బుసకొడుతూ పోయాయి. నాయనమ్మ కట్ట మీద నిలబడి, "అయిపోయింది కాన్పు. బిడ్డని కిందోళ్ళు ఎత్తకపోయారు" అంది. పక్కన ఉన్నవాళ్ళెవరూ ఈసారి అపశకునం అనలేదు.

నీళ్ళు దిగాక మా ఇల్లు కనబడింది. ఇల్లంటే పొయ్యి గడ్డ, గడప రాయి. నాయనమ్మ ఆ పక్కనే ఒండ్రులో గింజలు పెట్టింది. ఆలస్యమైందని తెలుసు. అయినా పెట్టింది. మొలిచాయి. తీగ సాగి పూత పట్టాక తూము కాపలా లస్కరు వచ్చాడు. మా ఊరివాడే. "ఇది సర్కారు నేలమ్మమ్మా, పీకేయమన్నారు" అన్నాడు. నాయనమ్మ "పీకు, నేను సూస్తా" అని గడప రాయి మీద కూర్చుంది. వాడు పీకుతున్నంతసేపూ ఒక్కో తీగనీ చూసింది. పువ్వులతో సహా పీకాడు. ఆ తర్వాత ఆవిడ గింజ ముట్టుకోలేదు. ఆ మడుగు నీళ్ళు తాగనూ లేదు. కొండ పక్క చెలమకి నడిచి వెళ్ళి కడవ తెచ్చుకునేది, నడుము వంగిపోయాక కూడా.

నేను పెళ్ళీడుకి వచ్చేసరికి లారీలు వచ్చాయి. ఉప్పు లారీలెక్కింది, సరుగుడు లారీలెక్కింది. పడవలు ఒడ్డున బోర్లా పడ్డాయి, కాలవలో గుర్రపుడెక్క అల్లుకుంది. పడవల కోసం మమ్మల్ని ముంచారు. పడవలు పోయాయి. నీళ్ళు మాత్రం మా గడప మీదనుంచి లేవలేదు. ఆ మధ్య మా తమ్ముడు, ఆ గొడ్లపాకలో పుట్టినవాడే, ఫోన్లో ఫోటో పంపాడు. కట్ట మీద రెయిలింగు, రంగు లైట్లు, కుర్రాళ్ళు సెల్ఫీలు. బ్యూటిఫుల్ అని ఎవరో రాశారట. నేను ఫోన్ బోర్లించాను.

పార్కులో నాకు ఇవన్నీ ఒక్క వాసనలో వచ్చాయి. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. అందరూ మనవరాలికి గాజులు తొడిగారు, బొట్టు పెట్టారు, ఫోటోలు తీశారు. అప్పుడు ఆ ఆంటీకి ఓ ఆలోచన వచ్చింది.

"లేక్ పక్కనే ఉన్నాం కదండీ! గంగమ్మకి కూడా కొంచెం చలిమిడి ఇద్దాం. పిక్స్ సూపర్‌గా వస్తాయి. పద కన్నా, నీ చేత్తో వెయ్యి."

మనవరాలు నవ్వుకుంటూ లేచింది. ముద్ద అరచేతిలో పెట్టుకుని నీళ్ళ వైపు నడిచింది. ఆ నిండు కడుపుతో ఆ నడక చూస్తే మా అమ్మే. నేను లేచిన వేగానికి కర్ర పడిపోయింది. వెళ్ళి దాని మణికట్టు పట్టుకున్నాను.

"ఆ నీళ్ళకి పెట్టొద్దు."

"అమ్మా, ఏంటిది, అందరి ముందూ!" అంది నా కూతురు వెనకనుంచి.

"ఆంటీ గారూ, చిన్న సరదా కదండీ" అంది ఆవిడ. నన్నూ ఆంటీ అనే అంటుంది.

"మీకు సరదా" అన్నాను.

మనవరాలికి తెలుగు వచ్చినంతే వచ్చు. నా మొహంలోకి చూసింది. "అమ్మమ్మా, నువ్వు ఎందుకు కోపం ఉంది? ఇది జస్ట్ వాటర్."

"కాదు" అన్నాను. "దానికి మేం ఒకసారి పెట్టాం."

దానికి అర్థమైందో లేదో నాకు తెలియదు. బోర్డు చదివిన కుర్రాడు మాత్రం ఫోన్ జేబులో పెట్టేసి, నా కర్ర తీసి నా చేతికిచ్చాడు. నేను మనవరాలిని వెనక్కి నడిపించుకొచ్చి, నీళ్ళకి వీపు తిప్పి కుర్చీలో కూర్చోబెట్టాను. దాని చేతిలో ముద్ద దాని వేళ్ళకి అంటుకుపోయింది.

"తిను" అన్నాను. "అది నీదే."

తింది. వేళ్ళు కూడా నాకింది. దాని భుజం మీదుగా చూస్తే చెరువు ఒడ్డు దాకా నిండి మెరుస్తోంది, లోపల ఎవరి పొయ్యి ఉందో, ఎవరి గడప ఉందో ఏమీ ఎరగనట్టు. నేను మాత్రం కుర్చీ లాక్కుని ఆ నీళ్ళకి ఎదురుగానే కూర్చున్నాను, ముద్ద అయిపోయేదాకా.